కార్బరేటర్ నుంచి పెట్రోల్ కారుతుంటే: పానా పట్టే ముందు ఎక్కడి నుంచో తేల్చుకోండి

కార్బరేటర్ కింద పెట్రోల్ తడి కనబడగానే మన దగ్గర ఎక్కువ మంది చేసే పని ఒక్కటే. హైదరాబాద్ పుత్లిబౌలి నుంచి రిపేర్ కిట్ తెప్పిస్తారు, పాత ప్యాకింగులన్నీ పీకేసి కొత్తవి వేస్తారు, స్క్రూలు బలం కొద్దీ బిగిస్తారు. వారం తిరక్కముందే మళ్లీ అదే వాసన, అదే తడి. రోగం ఒక చోట ఉంటే మందు ఇంకో చోట వేశారు కాబట్టి అలా జరుగుతుంది.

పెట్రోల్ కారడం రెండు రకాలు, అంతే. ఒకటి, బౌల్‌లోకి (కార్బరేటర్‌లో పెట్రోల్ నిలవ ఉండే చిన్న గిన్నె) అవసరానికి మించి పెట్రోల్ వచ్చి పొంగి బయటికి రావడం, దాన్నే మెకానిక్‌లు "ఓవర్ అవుతోంది" అంటారు. రెండోది, లోపల లెవెల్ సరిగ్గానే ఉన్నా ఏదో అతుకు దగ్గర, వాషర్ దగ్గర, పైపు దగ్గర ఊరడం. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ఎందుకంటే పెట్రోల్ ఎక్కడ పుట్టినా కిందికి జారి చివరికి ఒకే మూల నుంచి చుక్కలుగా పడుతుంది. ఈ రెండిట్లో మీ బండిది ఏదో తేలితే సగం పని అయిపోయినట్టే. అది తేల్చకుండా కొన్న కిట్ డబ్బు దండగ.

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు, అటు పాలమూరు, జడ్చర్ల, వనపర్తి వైపు ఇళ్ల షెడ్లలో ఇంకా నిలబడి ఉన్న అంబాసిడర్లు, పద్మినీలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ మీద పక్కకు పడుకున్నట్టు ఉండే ఎస్‌యూ కార్బరేటర్ చాలా బండ్లలో కనబడుతుంది, పద్మినిలో పైనుంచి కిందికి గాలి పీల్చే సోలెక్స్. కొన్నిటికి మధ్యలో ఎవరో ఏదో మార్చి ఉంటారు కాబట్టి ముందు మీ బండి మీద ఉన్నది ఏదో చూసుకోండి. పాత జీపులకూ, కార్బరేటర్‌తో వచ్చిన పాత మారుతి 800లకూ కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది, లోపలి సూత్రం ఒకటే.

ముందు నిప్పు సంగతి

దీన్ని దాటేసి కిందికి వెళ్లకండి. అంబాసిడర్ ఇంజన్‌లో కార్బరేటర్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే ఇనుప గొట్టం) రెండూ ఒకే వైపు ఉంటాయి, కార్బరేటర్ నుంచి పడే చుక్క నేరుగా ఆ కాలిన ఇనుము మీదో దాని పక్కనో పడుతుంది. అందుకే "కొంచెమే కారుతోంది, ఊరు చేరాక చూద్దాం" అనే మాట ఈ బండి విషయంలో అనకూడదు. కారుతున్నట్టు కనబడితే పక్కకు ఆపండి, ఇంజన్ ఆపండి, బానెట్ తెరిచి చల్లారనివ్వండి. కారడం ఆగని బండిని తోలుకుంటూ కాదు, లాక్కుంటూ ఇంటికి తీసుకురండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ టర్మినల్ విప్పి పక్కన పెట్టండి. పని గాలి ఆడే చోట చేయండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, కిందికి దిగి నేల మీద పాకుతుంది, సర్వీస్ గుంతలో నిండుతుంది, అందుకే గుంత మీద నిలబెట్టి ఈ పని చేయొద్దు. పక్కన వెల్డింగ్, గ్రైండింగ్ నడుస్తుంటే అది ఆగేదాకా మీరు ఆగండి. బీడీ, సిగరెట్ గురించి వేరే చెప్పాలా? పాత అలవాటు ప్రకారం వైరుకు వేలాడే బల్బు తెచ్చి బానెట్ కింద పెట్టకండి, అది పగిలితే అంతే సంగతులు. చిన్న ఎల్ఈడీ టార్చి చాలు, దాన్ని కూడా బయటే వెలిగించుకుని తెచ్చుకోండి. పొడి రకం అగ్నిమాపక సిలిండర్ ఒకటి చేతికి అందేంత దూరంలో ఉండాలి. అది లేకపోతే కనీసం రెండు బకెట్ల పొడి ఇసుక. మండే పెట్రోల్ మీద నీళ్లు పోస్తే మంట నీళ్లతో పాటు పాకుతుంది, అది గుర్తుంచుకోండి. తీసిన పెట్రోల్‌ను నీళ్ల బాటిల్‌లో పోసి పక్కన పెట్టడం మన ఇళ్లలో చాలా మామూలు. ఎవరైనా తాగబోతారు, పిల్లలు ఉన్న ఇల్లు అయితే మరీ భయం. మూత గట్టిగా పడే ఇనుప డబ్బాలో పోయండి.

ఎప్పుడు కారుతోంది?

ముందు కార్బరేటర్ బయటంతా శుభ్రం చేయండి. ఏళ్ల తరబడి పట్టిన మడ్డి, దుమ్ము ఉన్నంత కాలం తడి ఎక్కడ మొదలైందో కనబడదు. కొంచెం పెట్రోల్, పాత టూత్ బ్రష్‌తో మూలమూలలా రుద్ది, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పెట్రోల్ ఆరిన చోట పసుపు, గోధుమ రంగు మధ్యలో ఒక జిగురు మరక మిగులుతుంది. శుభ్రం చేసే ముందు ఆ మరకలను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి (ఇంజన్ చల్లగా ఉండి పెట్రోల్ తడి ఏమీ లేనప్పుడు). మరక ఎక్కడ చిక్కగా ఉందో అక్కడే ఎక్కువ రోజులుగా ఊరుతోందని అర్థం.

తర్వాత ఒక సుద్దముక్క తీసుకోండి, బడిలో బోర్డు మీద రాసేదే. ఆరిన కార్బరేటర్ మీద అతుకుల వెంట, పై మూత అంచు చుట్టూ, పైపు తగిలే బోల్టు చుట్టూ, బౌల్ అడుగున, తెల్లగా కనబడేలా రుద్దండి. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయకుండా పంపు పక్కన ఉండే చిన్న చేతి లివర్‌తో పెట్రోల్ ఎక్కించండి. ఏసీ కంపెనీ రకం మెకానికల్ పంపులకు ఈ లివర్ ఉంటుంది. లివర్ ఆడిస్తుంటే చేతికి ఏ పట్టూ తగలకపోతే పంపు పాడైందని అనుకోకండి, ఇంజన్‌లో పంపును ఆడించే క్యామ్ ఆ టైమ్‌లో పంపు చేతిని ఎత్తి పట్టి ఉంటుంది. ఇంజన్‌ను చేత్తో కొంచెం తిప్పి మళ్లీ ఆడించండి. బౌల్ నిండాక నీడిల్ (ఫ్లోట్, అంటే పెట్రోల్ మీద తేలే బుడ్డి, పైకి లేచినప్పుడు పెట్రోల్ దారి మూసే సూది) మూసుకుంటుంది, అప్పటిదాకా తగిలిన పట్టు పోయి లివర్ వదులుగా ఆడుతుంది. ఇప్పుడు టార్చి వేసి సుద్దను చూస్తూ కూర్చోండి. తడి తగిలిన చోట తెలుపు పోయి బూడిద రంగు గీత పడుతుంది, ఆ గీత పై కొస ఎక్కడ ఉందో అక్కడే లీకు. కింది కొస కాదు, పై కొస. ఈ ఒక్క పని ఓపికగా చేస్తే మిగతా గందరగోళం చాలా వరకు పోతుంది.

సుద్ద మీద ఏమీ కనబడకపోయినా నిరాశ పడకండి, కారే సమయాన్ని బట్టి కూడా చాలా తెలుస్తుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు కారి, ఆపిన కాసేపటికి ఆగిపోతే అది పంపు ఒత్తిడి ఉన్నప్పుడు జరిగేది, అంటే నీడిల్ మూసుకోవడం లేదు, లేదా పంపు నుంచి కార్బరేటర్‌కు వచ్చే పైపు, దాని బోల్టు దగ్గర ఉంది సమస్య. రాత్రంతా నిలబెట్టిన బండి కింద పొద్దున తడి ఉండి, స్టార్ట్ చేయడానికి చాలాసేపు తిప్పాల్సి వస్తుంటే, బౌల్‌లో లెవెల్ కంటే కింద ఎక్కడో ఊరి బౌల్ ఖాళీ అవుతోంది, డ్రెయిన్ ప్లగ్గు, జెట్ (పెట్రోల్ గాలిలోకి వచ్చే సన్న రంధ్రం) అడుగు, బౌల్ కింది అతుకు చూడండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే ఒక చుక్క పడితే సోలెక్స్ పక్కన ఉండే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ (లోపల ఆడే పలచటి పొర) చిరిగి ఉంటుంది. ఇవేవీ కాకుండా వేడిగా నడిపి ఆపిన తర్వాత ఐదు పది నిమిషాలకు మాత్రమే తడి, వాసన వస్తే అది ఎండ, వేడి సంగతి, దాని గురించి కింద విడిగా రాశాను.

ఇంకొకటి ఉంది, దాన్ని చాలా మంది పట్టించుకోరు. ట్యాంకు మూతకు గాలి ఆడే దారి మూసుకుపోయి ఉంటే, ఏప్రిల్, మే ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకులో ఆవిరి ఒత్తిడి పెరిగి, ఆపిన బండిలో కూడా పెట్రోల్‌ను పంపు దాటించి కార్బరేటర్‌లోకి నెడుతుంది. ఎండలో ఉన్నప్పుడే కారుతుంటే, ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని గాలి వస్తుంటే కార్బరేటర్ జోలికి పోకండి, ముందు ఆ మూత సంగతి చూడండి.

ఓవర్ అవుతుంటే

ఓవర్ అవుతోందా లేదా అని తేల్చడానికి ఎయిర్ క్లీనర్ విప్పి చూడండి. సోలెక్స్ అయితే పైనుంచి గొంతులోకి, అంటే గాలి లోపలికి పోయే దారిలోకి, టార్చి వేయండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, చేతి లివర్‌తో పెట్రోల్ ఎక్కించాక, లోపల మధ్యలో ఉండే గొట్టం కొస నుంచి పెట్రోల్ చుక్క చుక్కగా పడుతుంటే లెవెల్ ఎక్కువగా ఉన్నట్టే. ఎస్‌యూలో అయితే బౌల్ మూత మీద ఉండే సన్నటి ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోల్ వస్తుంది, లేదా కార్బరేటర్ లోపలి పిస్టన్‌ను వేలితో పైకెత్తి చూస్తే జెట్ నుంచి పెట్రోల్ పొంగి పొర్లుతూ ఉంటుంది. ఆ ఓవర్‌ఫ్లో గొట్టానికి బొక్క పూడ్చేసిన బండ్లు ఉంటాయి, కారడం ఆపడానికి అని ఎవరో చేసిన పని. అది చాలా ప్రమాదం. ఆ గొట్టం పెట్రోల్‌ను వేడి ఇనుముకు దూరంగా కిందికి దించడానికి ఉంది, దాన్ని మూస్తే పెట్రోల్ ఇంజన్ లోపలికే పోతుంది.

నీడిల్ దగ్గర చిన్న మట్టి కణం చిక్కుకోవడం అన్నిటికంటే మామూలు కారణం. స్క్రూడ్రైవర్ పిడితో బౌల్ మూత మీద, పెట్రోల్ వచ్చే బోల్టుకు దగ్గర్లో, మెల్లగా రెండు మూడు సార్లు తట్టండి. కారడం ఆగితే కారణం దొరికినట్టు, అంతే. మందు మాత్రం కాదు. తట్టి ఆపి ప్రయాణం కొనసాగించేవాళ్లు నార్కట్‌పల్లి దాటగానే మళ్లీ ఆపాల్సి వస్తుంది. మూత విప్పి, బౌల్ అడుగు చూడండి. అక్కడ గోధుమ రంగు సన్నటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు పడుతోంది. తెల్లటి పొడి లాంటిది గట్టిగా అంటుకుని ఉంటే అది నీళ్ల వల్ల బౌల్ లోహం తినేసుకుపోతున్న గుర్తు. రెండిట్లో ఏదున్నా బౌల్ కడిగి మూసేస్తే సరిపోదు, ట్యాంకు కడగాలి, పంపు లోపలి జల్లెడ చూడాలి, పంపుకు కార్బరేటర్‌కు మధ్య మంచి ఫిల్టరు వేయాలి.

ఈ తెల్ల పొడి ఈ మధ్య ఎక్కువగా కనబడటానికి ఒక కారణం పెట్రోల్‌లో ఇథనాల్. దేశమంతా 10 శాతం ఇథనాల్ కలపడం 2022 నాటికే పూర్తయింది, 2023 ఫిబ్రవరిలో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) మొదలైంది, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా అదే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును, కార్కును మెత్తబరుస్తుంది, ఉబ్బిస్తుంది. రోజూ నడిచే బండికి పెద్ద తేడా తెలియదు. పెళ్లిళ్లకో పండగలకో తీసే బండిలో మాత్రం నెలల తరబడి అదే పెట్రోల్ బౌల్‌లో కూర్చుంటుంది. అలాంటి బండి నిలబెట్టే ముందు పంపు నుంచి వచ్చే పైపు విప్పి మూసేసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపి, బౌల్ ఖాళీ చేసి పెట్టండి.

ఇక నీడిల్. దాన్ని తీసి వెలుగులో తిప్పి చూడండి, మొన దగ్గర చుట్టూ ఉంగరంలా మెరిసే గీత కనబడితే అది అరిగింది. కంటికి అనుమానంగా ఉంటే గోరు మెల్లగా లాగండి, గీత ఉంటే గోరుకు తగులుతుంది. నీడిల్ ఒక్కటే మార్చకండి, దాని సీటుతో కలిపి జతగా మార్చండి, కొత్త నీడిల్ పాత సీటులో సరిగ్గా కూర్చోదు. సీటును మూతలోకి బిగించినప్పుడు దాని కింద వాషర్ ఉండాలి, సీటు వదులుగా ఉన్నా, వాషర్ లేకపోయినా పెట్రోల్ నీడిల్‌ను పట్టించుకోకుండా థ్రెడ్ల పక్కనుంచి దిగుతుంది. ఈ లోపం బాగా వెతికితే తప్ప దొరకదు. బిగించాక మూతను తిరగేసి, ఫ్లోట్ బరువు నీడిల్ మీద పడేలా పట్టుకుని, పెట్రోల్ వచ్చే దారికి శుభ్రమైన కొత్త గొట్టం తగిలించి మెల్లగా ఊదండి. గాలి పోకూడదు. మూత తిప్పి సరిగ్గా పెడితే పోవాలి.

ఫ్లోట్ ఇత్తడిదైతే చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోల్ ఎక్కింది, బరువెక్కి మునిగిపోతోంది. అనుమానం ఉంటే పొయ్యికి దూరంగా, విడిగా కాచి తెచ్చిన వేడి నీళ్లలో ముంచండి, చిల్లు ఉన్న చోట బుడగలు వస్తాయి. దాన్ని సోల్డర్ చేయించడం పాత పద్ధతే, కానీ లోపల పెట్రోల్ ఆవిరి కాస్త మిగిలినా సోల్డరింగ్ వేడికి పేలుతుంది, పైగా ఎక్కువ సీసం పోస్తే ఫ్లోట్ బరువెక్కి లెవెల్ మారిపోతుంది. కొత్త ఫ్లోట్ దొరికితే అదే వేయండి, ఇందులో పొదుపు పనికిరాదు. సోలెక్స్‌లో విడిగా ఉండే ఫ్లోట్‌కు పైకి ఏ వైపు ఉండాలో గుర్తు ఉంటుంది, తిరగేసి పెట్టేస్తే అన్నీ కొత్తవే అయినా ఓవర్ అవుతుంది. ఫ్లోట్ తిరిగే పిన్ను అరిగి ఊగుతోందా, ఫ్లోట్ పక్కకు జరిగి బౌల్ గోడకు, ప్యాకింగ్ అంచుకు రాసుకుంటోందా అని కూడా చూడండి. రాసుకుంటే ఆ చోట మెరిసే మచ్చ ఉంటుంది.

లెవెల్ విషయానికి వస్తే, ప్లాస్టిక్ ఫ్లోట్ ఉన్న హెచ్‌ఎస్ రకం ఎస్‌యూలో మూతను తిరగేసి పట్టుకుని, నీడిల్ మూసుకున్నప్పుడు ఫ్లోట్ చేతికీ మూత అంచుకూ మధ్య 3 నుంచి 5 మి.మీ. లోపు సందు ఉండాలి. సరైన మందం ఉన్న డ్రిల్ బిట్ ఒకటి అడ్డం పెట్టి చూస్తే చాలు. సోలెక్స్‌లో ఆ పని నీడిల్ సీటు కింది వాషర్ చేస్తుంది, మందం పెంచితే నీడిల్ కిందికి దిగి ముందే మూసుకుంటుంది, లెవెల్ తగ్గుతుంది. అందుకే పాత వాషర్ తీసి చేతికందిన ఏదో వాషర్ వేయొద్దు, మందం కొలిచి అదే మందంది వేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఓవర్ అవుతుంటే పంపు ఒత్తిడి చూడాలి. పాత మెకానికల్ పంపు పాడైతే మార్కెట్‌లో దొరికే ఎలక్ట్రిక్ పంపు తగిలించేస్తారు, వాటిలో కొన్ని 4 నుంచి 7 పీఎస్ఐ దాకా నెడతాయి. ఎస్‌యూ నీడిల్ సుమారు 3 పీఎస్ఐ దాటితే నిలువరించలేదు, ఎంత కొత్త నీడిల్ వేసినా అంతే. ఎలక్ట్రిక్ పంపు తప్పనిసరి అయితే తక్కువ ఒత్తిడిది కొనండి, లేదా రెగ్యులేటర్ పెట్టి గేజీతో చూసి సెట్ చేయండి. పంపుకు ఇంజన్ ఆగగానే కరెంటు ఆగే ఏర్పాటు కూడా ఉండాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండిపోతే అది పెట్రోల్ పంపుతూనే ఉంటుంది.

అతుకులు, వాషర్లు, పైపులు

పెట్రోల్ పైపు కార్బరేటర్‌కు తగిలే బంజో బోల్టుకు రెండు వైపులా ఫైబర్ వాషర్లు ఉంటాయి, అవి ఒకసారి నలిగాక మళ్లీ వాడటానికి పనికిరావు. పాత వాషర్‌తోనే గట్టిగా బిగిస్తే ఆగినట్టే ఉంటుంది, వేడెక్కాక ఊరుతుంది. కార్బరేటర్ ఒళ్లు మెత్తటి లోహం, ఇనుప బోల్టును బలంగా తిప్పితే థ్రెడ్లు ఊడి వస్తాయి, అప్పుడు వాషర్ పనికి కార్బరేటరే పోతుంది. కొత్త వాషర్లు వేసి, చేతితో పూర్తిగా ఎక్కించి, చిన్న పానాతో కొంచెం మాత్రమే బిగించండి.

ఎస్‌యూ ఉన్నవాళ్లు బౌల్ అడుగు నుంచి జెట్‌కు పోయే సన్నటి నైలాన్ గొట్టం దగ్గర ప్రత్యేకంగా చూడండి. ఆ గొట్టం బౌల్‌లోకి దూరే చోట చిన్న రబ్బరు గ్లాండు (కారకుండా పట్టే ఉంగరం) ఉంటుంది, అది ఎండి గట్టిపడితే రోజంతా సన్నగా ఊరుతుంది, ఎంత చెమ్మ అంటే చుక్క కూడా పడదు, వాసన మాత్రం వస్తుంది. సుద్ద పరీక్షలో ఇది బాగా దొరుకుతుంది. ఇంకా పాత ఎస్‌యూలలో జెట్ చుట్టూ కార్కు గ్లాండ్లు ఉంటాయి, బండి నెలల తరబడి ఎండిపోతే కార్కు కుంచించుకుపోతుంది. కొత్తవి వేసే ముందు నూనెలో నానబెట్టి వేస్తే చీలకుండా కూర్చుంటాయి.

పై మూత అతుకు దగ్గర ఊరుతుంటే ప్యాకింగ్ మార్చే ముందు మూత వంకర పోయిందేమో చూడండి. స్క్రూలు అతిగా బిగించడం వల్ల మూలలు కిందికి వంగి మధ్యలో ఎత్తు మిగులుతుంది. ఒక స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి వెలుగుకు ఎత్తి చూస్తే సందు కనబడుతుంది. కొంచెం వంకర ఉంటే మందపాటి గాజు పలక మీద సన్నటి ఎమ్రీ పేపరు పరిచి, మూతను దాని మీద ఎనిమిది అంకె వేసినట్టు మెల్లగా తిప్పుతూ రుద్దండి, మధ్యమధ్యలో ఎక్కడ మెరుస్తోందో చూస్తూ. అన్ని వైపులా సమంగా మెరిస్తే ఆపేయండి. రుద్దిన పొడి ఒక్క రేణువు కూడా లోపల మిగలకుండా కడగండి, లేకపోతే మళ్లీ నీడిల్ దగ్గరికి వచ్చేస్తారు. ప్యాకింగ్‌కు బదులు సిలికాన్ గమ్ము పూసే పని మాత్రం చేయకండి. పెట్రోల్‌లో అది ఉబ్బి, ముక్కలై, జెట్‌లో ఇరుక్కుంటుంది.

రబ్బరు పైపుల సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. మిర్యాలగూడ వైపు తెలిసిన వాళ్ల అంబాసిడర్‌కు ఫ్లోట్, నీడిల్, ప్యాకింగ్ అన్నీ మార్చారు, అయినా తడి పోలేదు. చివరికి సుద్ద రాసి చూస్తే కార్బరేటర్ ఒళ్లంతా తెల్లగానే ఉంది. పైపు మీది క్లిప్పు విప్పితే దాని కింద, బయటికి కనబడని చోట, రబ్బరు వెంట్రుక మందంలో చీలి ఉంది. ఇంజన్ నడిచినప్పుడే ఆ చీలిక తెరుచుకుంటోంది, చుక్క పైపు వెంట జారి కార్బరేటర్ బోల్టు మీద పడి అక్కడి నుంచి కారుతోంది. పైపును వేళ్లతో వంచి చూడండి, పగుళ్లు కనబడితే మార్చండి. మెత్తగా, జిగురుగా ఉన్నా మార్చండి. నీళ్లకు, గాలికి వాడే పైపు ముక్క వేయొద్దు. పైపు మీద అచ్చు చూసి కొనండి, ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ఉంటే ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు అది నిలుస్తుంది. క్లిప్పు రబ్బరును కోసేలా కాకుండా చుట్టూ సమంగా పట్టేది వాడండి. పైపు ఎగ్జాస్ట్‌కు దగ్గరగా పోతుంటే దారి మార్చండి.

థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే ఇరుసు) దగ్గర తడి ఉందని వెంటనే లేతుకు పంపి బుష్షులు వేయించేవాళ్లు ఉన్నారు. అరిగిన స్పిండిల్ చాలా వరకు గాలిని లోపలికి లాగుతుంది, ఐడ్లింగ్ పాడవుతుంది. అక్కడ పెట్రోల్ తడి కనబడితే సాధారణంగా పైన లెవెల్ ఎక్కువై గొంతులో కారుతున్నదే. ముందు లెవెల్ సరిచేసి తర్వాత స్పిండిల్ గురించి ఆలోచించండి.

ఎండాకాలం వేరే సంగతి

మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలు. అప్పుడు హైవే మీద గంటసేపు నడిపి ఆపితే, రేడియేటర్ గాలి ఆగిపోయి ఇంజన్ వేడంతా బానెట్ కిందే నిలుస్తుంది, బౌల్‌లో పెట్రోల్ మరిగి గొంతులోకి పొంగుతుంది. పెట్రోల్‌లో తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి, కాబట్టి ఇది లోపం లేని బండిలో కూడా జరుగుతుంది. గుర్తు పట్టడం తేలిక: చల్లని బండిలో ఎంత చూసినా లీకు ఉండదు, వేడి బండి ఆపిన పది నిమిషాలకు వాసన, స్టార్ట్ చేస్తే నల్లటి పొగ.

దీనికి ఫ్లోట్ లెవెల్ తగ్గించడం మందు కాదు, తగ్గిస్తే ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ గుంజదు. కార్బరేటర్‌కు మ్యానిఫోల్డ్‌కు మధ్య ఉండాల్సిన మందపాటి ఇన్సులేటర్ ఉందో లేదో చూడండి, చాలా బండ్లలో దాన్ని తీసేసి పేపర్ ప్యాకింగ్ ఒక్కటే పెట్టి ఉంటారు. ఎగ్జాస్ట్ పైన ఉండే రేకు కవచం కూడా అంతే, ఎప్పుడో ఊడితే మళ్లీ పెట్టరు. ఆ రెండూ తిరిగి పెడితే చాలా వరకు పోతుంది. ఆగినప్పుడు బానెట్ కాసేపు ఎత్తి ఉంచండి. వేడి బండి స్టార్ట్ చేసేటప్పుడు చోక్ లాగొద్దు, యాక్సిలరేటర్ పదేపదే తొక్కొద్దు, ఒక్కసారి నేలకు తొక్కి పట్టి తిప్పండి, పొంగిన పెట్రోల్ గాలితో బయటికి పోతుంది.

ఆయిల్ డిప్‌స్టిక్ చూడండి

ఓవర్ అయిన బండి ఏదైనా సరే, మళ్లీ స్టార్ట్ చేసే ముందు డిప్‌స్టిక్ తీసి లెవెల్, వాసన రెండూ చూడండి. లెవెల్ పెరిగి, ఆయిల్ పలచబడి, పెట్రోల్ వాసన వస్తుంటే ఇంజన్ తిప్పొద్దు. గొంతులో కారిన పెట్రోల్ సిలిండర్ల గోడల వెంట కిందికి దిగి ఉంటుంది, లేదా మెకానికల్ పంపు డయాఫ్రమ్ చిరిగి నేరుగా ఆయిల్‌లోకి పోతూ ఉంటుంది. పంపు అడుగున చిన్న బొక్క ఉన్న రకమైతే అక్కడ తడి చూడండి. కారణం సరిచేసి, ఆయిల్, ఫిల్టరు మార్చాకే స్టార్ట్ చేయండి. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, క్రాంక్‌కేసులో ఆవిరి నిండి ఉంటే అది ఇంకో ప్రమాదం.

అన్నీ బిగించాక

వెంటనే రోడ్డు ఎక్కొద్దు. మళ్లీ సుద్ద రాయండి, చేతి లివర్‌తో బౌల్ నింపండి, అరగంట వదిలేయండి, అతుకులన్నీ తెల్లగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత బ్యాటరీ తగిలించి ఇంజన్ నడిపి, పూర్తిగా వేడెక్కనిచ్చి, ఆపి, పదిహేను నిమిషాల తర్వాత ఇంకోసారి చూడండి. రాత్రి కింద పాత అట్టముక్క పరిచి పెట్టి పొద్దున చూడండి, చుక్క పడితే అట్ట మీద ఏ చోట పడిందో గుర్తు పెట్టి దాని నేరుగా పైన ఏముందో వెతకండి. కొత్త ప్యాకింగ్ వేడికి చల్లదనానికి నలిగి కొంచెం పలచబడుతుంది, కాబట్టి నాలుగైదు సార్లు బండి నడిపాక, చల్లగా ఉన్నప్పుడు, మూత స్క్రూలను ఎదురెదురుగా ఒక్కో దాన్ని కాస్త కాస్త బిగించండి. బంజో బోల్టును కూడా అప్పుడే పానాతో ఒకసారి పట్టి చూడండి.

బండి డిక్కీలో ఒక డబ్బాలో నీడిల్, సీటు జత, వాటి వాషర్లు, రెండు ఫైబర్ వాషర్లు, అర మీటరు మంచి పెట్రోల్ పైపు, రెండు క్లిప్పులు, ఒక సుద్దముక్క పెట్టుకోండి. సాగర్ రోడ్డు మీదో దేవరకొండ దాటాకో ఆగితే పక్కనున్న చిన్న షాపులో టైరు ట్యూబు దొరుకుతుంది గానీ ఎస్‌యూ నీడిల్ దొరకదు.